గల్లాపెట్టె ప్రక్కన చదువు

శార్వరి నామ సంవత్సర ఉగాదిని మన సంఘ సభ్యులెవరూ మరచి ఉండరు. 2020 మార్చి 25వ తేదీ. ఆ ముందటి అర్ధరాత్రి నుండే దేశమంతటా లాక్‌డౌను అమలులోకి వచ్చింది. పంచాంగ శ్రవణానికి మనం మాట్లాడుకున్న హాలుకు తాళం పడింది. వేపపూవు తెచ్చే మనిషి రాలేదు. పంతులుగారు తమ ఇంట కూర్చుండి ఫోనులో పంచాంగం చదివితే, మనం ఎవరి ఇండ్లలో వారు కూర్చుండి విన్నాము. శార్వరి అంటే రాత్రి అని ఆయనే అర్థం చెప్పారు. పేరు తగినట్లే పడిందని ఎవరో అన్నారు గాని, నవ్వినవారు లేరు.

పంచాంగం మాత్రం పూర్తిగా వినిపించింది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు, ఒక్క అక్షరం పోలేదు. అయినా ఉగాది జరిగినట్లు ఎవరికీ తోచలేదు. వినవలసినదంతా విన్న తరువాత కూడా ఏమి మిగిలిపోయినట్లు? సరిగ్గా ఆ రోజులలోనే ప్రపంచంలోని వ్యాపార విద్యాలయాలన్నిటికీ ఇదే ప్రశ్న ఎదురయింది. తరగతులన్నీ తెర మీదికి ఎక్కాయి. పాఠం ఒక్కటీ తప్పిపోలేదు. విద్యార్థులు మాత్రం మాకేదో తగ్గిందని, రుసుము తగ్గించమని అడగసాగారు.

అప్పటి నుండి నన్ను మన కుటుంబాల వారు తరచుగా ఒక మాట అడుగుతున్నారు. నేను బ్యాంకులో పనిచేసి విరమించినవాణ్ణి గనుక తెలిసి ఉంటుందని వారి నమ్మకం. "రెండేండ్లు హాస్టలులో ఉంచి, అప్పు చేసి ఎం.బి.ఏ. చదివించాలా? పిల్ల ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటూ కంప్యూటరు మీద చదివితే చాలదా?" ఒక్క మాటలో బదులు చెప్పగల తెలివి నాకు లేదు. ఈ చదువు ఎట్లా పుట్టినది, ఎప్పుడెప్పుడు మనుషులను ఒకచోట చేర్చినది, ఎప్పుడు దూరం పంపినది అన్న కథ మాత్రం కొంత చెప్పగలను. ఎవరికి వారు తేల్చుకోవడానికి అది పనికి రావచ్చు.

మా తాతగారు హిందూపురం ప్రాంతం నుండి బెంగుళూరు చిక్కపేటకు వచ్చినది పద్నాలుగవ యేట, ఒక బట్టల కొట్టులో గుమాస్తా పనికి. గుమాస్తా అన్నది పేరుకే. మొదటి యేడాది ఆయన చేసినది కొట్టు ఊడ్వడం, తానులు దులిపి మడతపెట్టడం, షావుకారుకు మంచినీళ్ళు అందివ్వడం. రెండవ యేట గల్లాపెట్టె ప్రక్కన పీట వేశారు. చిట్టా వ్రాయడం ఎవరైనా దగ్గరుండి చూపితే పది రోజులలో వచ్చేదట. చిట్టాలోనివి ఆవర్జాకు ఎత్తడానికి మరొక నెల. "మరి తక్కిన ఆరేండ్లూ ఏమి నేర్చుకున్నారు తాతగారూ?" అని చిన్నతనంలో నేను అడిగితే, "ఎవరికి అప్పు ఇవ్వకూడదో నేర్చుకున్నానురా" అనేవారు. అది ఏ పుస్తకంలోనూ లేదు. షావుకారు నోటితో చెప్పినదీ లేదు. కొనవచ్చినవాడు గుమ్మంలో చెప్పులు విడిచే తీరు, ధర చెప్పకముందే తల ఊపే తీరు షావుకారు గమనించేవాడు. ఒకరితో "తీసుకువెళ్ళండి, దానికేమి" అనేవాడు, ఇంకొకరితో "ఆ సరుకు రేపు వస్తుంది" అనేవాడు. ప్రక్కన పీట మీద ఉన్న కుర్రవాడు ఇద్దరినీ చూచి, ఆ రెండు మాటల మధ్య తేడా ఏమిటా అని రాత్రి పడుకొని ఆలోచించుకోవలసినదే.

తమిళదేశపు నాట్టుకోట్టై చెట్టియార్లు దీనిని మరింత కట్టుదిట్టంగా నడిపారు. బర్మాలోను, మలయాలోను ఉన్న తమ వడ్డీ కొట్లకు ఏజెంట్లను మూడేండ్ల గడువు మీద పంపేవారు. వారి వెంట కుర్రవాళ్ళు సహాయకులుగా పోయి, అక్కడే తిని, అక్కడే పడుకొని పని నేర్చుకునేవారు. షోలాపూరు, భివండీల పద్మశాలీల ఇండ్లలో మగ్గం కూడా ఇట్టి బడియే. వలస వచ్చిన మనకు ఇదేమీ క్రొత్త మాట కాదు.

అయితే ఈ బడిలో ఒక పెద్ద లోపం ఉన్నది. ఆ పీట ఎవరికి వేస్తారు? షావుకారు కులంలోనో, బంధువర్గంలోనో పుట్టినవానికి, లేదా వారు సిఫారసు చేసినవానికి. ఊరి నుండి తట్టా పారా పట్టుకొని వచ్చినవాని కొడుకు కొట్టు వాకిలి దాకా రావచ్చు గాని, గల్లాపెట్టె ప్రక్కకు రాలేడు. ఆడపిల్లకు ఆ పీట లేనే లేదు. ఈ సంగతి మనసులో ఉంచుకొని తరువాతి కథ చదవవలసినదిగా మనవి.

వ్యాపార విద్యను దూరానికి పంపవచ్చునని మొదట రుజువు చేసినది తపాలా బిళ్ళ. 1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పోయే ఏర్పాటు వచ్చింది. ఐజాక్ పిట్మన్ అనే ఆయన తన షార్ట్‌హ్యాండు పాఠాలను ఆ తపాలాలో పంపి, శిష్యులు వ్రాసి పంపినవి దిద్ది తిరిగి పంపసాగాడు. అభ్యాసానికి బైబిలు వాక్యాలు ఇచ్చేవాడు గాని, నేర్పినది మాత్రం ఆఫీసు గుమాస్తాకు అన్నం పెట్టే విద్య. మన వాళ్ళు ఎందరు ఆ పిట్మన్ గీతల బలంతో బొంబాయి, మద్రాసు ఆఫీసులలో చేరి సంసారాలు ఈదారో చెప్పనక్కరలేదు. చిత్రమేమంటే, పిట్మన్ తపాలాలో నేర్పిన విద్యను మనవారు నేర్చుకొన్నది మేడ మీది టైపు ఇన్‌స్టిట్యూటులో. గీతలు పుస్తకం చూచి వస్తాయి. వేగం మాత్రం, ఎదుట ఒకడు గడియారం పట్టుకొని డిక్టేషను చెబుతుంటేనే వస్తుంది.

1858లో లండన్ విశ్వవిద్యాలయం ఇంకొక అడుగు వేసింది. ఏ కళాశాలలో చదివావని అడగక, పరీక్షలో నెగ్గినవారికి డిగ్రీ ఇవ్వ నిశ్చయించింది. ఆడవారికి మాత్రం ఆ తలుపు 1878లో గాని తెరుచుకోలేదు.

ఇట్లా చదువు దూరం నడుస్తున్న కాలంలోనే అమెరికాలో దానికి ఎదురు ప్రయత్నం ఒకటి మొదలయింది. హార్వర్డు విశ్వవిద్యాలయం 1908లో వ్యాపార విద్యాలయం తెరిచింది. తొలి రోజులలో దానికి సొంత గూడు లేదు. తరగతులు విశ్వవిద్యాలయంలో ఎక్కడ గది ఖాళీ ఉంటే అక్కడ, విద్యార్థులు ఊరిలో ఎక్కడ గది దొరికితే అక్కడ. 1919 నుండి అధిపతిగా ఉన్న వాలెస్ డానమ్ అనే ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు. న్యాయ విద్యార్థులు పాత తీర్పులు ముందు పెట్టుకొని వాదించుకున్నట్లే, వ్యాపార విద్యార్థులు నిజంగా జరిగిన వ్యాపార చిక్కులను ముందు పెట్టుకొని వాదించుకోవాలని పట్టుబట్టాడు. కేసు పద్ధతి అని దీనికి పేరు. కేసులో పాఠం ఉండదు. ఒక కంపెనీ లెక్కలు, ఒక మేనేజరు ఇరకాటం, చివర "నీవైతే ఏమి చేస్తావు?" అన్న ప్రశ్న ఉంటాయి. ఆచార్యుడు జవాబు చెప్పడు. నీవు చెప్పినది ప్రక్కవాడు ఖండిస్తాడు, వానిని వెనుక వరుసవాడు ఖండిస్తాడు.

నా దృష్టిలో ఇది చిక్కపేట పీటకు అమెరికావారు చేసిన నకలు. షావుకారు ప్రక్కన ఏండ్ల తరబడి కూర్చుంటే కంటపడే చిక్కులను ఏరి, అచ్చువేసి, షావుకారు బంధువులు కానివారి ముందు కూడా పెట్టారు. అంతవరకు గొప్ప పనియే. కాని ఈ వాదన సాగాలంటే మనుషులు ఒకచోట ఉండాలి, రాత్రి కూడా ఉండాలి, ఎందుకంటే రేపటి కేసును ఈ రాత్రే నలుగురు కూడి చర్చించుకోవాలి. అందుకని సొంత ఆవరణ కావలసివచ్చింది. జార్జి బేకర్ అనే న్యూయార్కు బ్యాంకరును పది లక్షల డాలర్లు అడిగితే, మొత్తం విద్యాలయం నేనొక్కడినే కట్టించే భాగ్యం ఇస్తే యాభై లక్షలు ఇస్తానన్నాడట. 1924లో ఇచ్చాడు. 1927లో చార్లెస్ నదికి ఆవలి గట్టున ఆవరణ వెలసింది. హాస్టళ్ళకు అమెరికా ఆర్థికమంత్రుల పేర్లు పెట్టారు. అప్పు సొప్పుల విద్యకు తగిన దేవతలు! 1953లో కట్టిన తరగతి గదులలో బల్లలను గుర్రపునాడా ఆకారంలో మెట్లు మెట్లుగా వేశారు, ఎవరు మాటాడినా అందరికీ ముఖం కనిపించేటట్లు. ఒక తరగతిలో తొంబది మంది వరకు, మొదటి యేడాదంతా అదే గదిలో కలిసి కూర్చుంటారు.

కాని రెండేండ్ల పూర్తి చదువుకు ఆడవారిని ఆ గదిలోకి తీసుకున్నది 1963లో. మొదట చేరినవారు ఎనిమిది మంది. సన్నిధి గొప్పదని ఎంత నమ్మినా, ఎవరికి సన్నిధి అన్న పాత ప్రశ్న అక్కడా తప్పలేదు.

ఇంగ్లండులో యుద్ధానంతరం మరొక ప్రయోగం జరిగింది. థేమ్స్ నది ఒడ్డున హెన్లీలో 1945లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ స్థాపించి, 1948లో తరగతులు ప్రారంభించారు. అక్కడ చేరేవారు కుర్రవాళ్ళు కారు, నడివయసు అధికారులు. ప్రభుత్వోద్యోగి, ప్రైవేటు కంపెనీ మనిషి, బ్యాంకు మనిషి, వీరిని ఇంచుమించు పదిమంది చొప్పున ఒక సిండికేటుగా కూర్చి, మూడు నెలలు ఒకే ఇంట ఉంచేవారు. ఉపన్యాసాలు తక్కువ. కలిసి తినడం, కలిసి నివేదిక వ్రాయడం ఎక్కువ. ఎదుటి కుర్చీవాడు తాననుకున్నంత మూర్ఖుడు కాడని గ్రహించడానికి మూడు నెలలు పడుతుందని వారి లెక్క కాబోలు.

ఈ హెన్లీ నమూనా నేరుగా హైదరాబాదుకు వచ్చింది. 1956లో, అనగా ఆంధ్రప్రదేశ్ అవతరించిన యేటనే, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. నిజాము పెద్ద కుమారుడైన బేరారు యువరాజు నివసించిన బెల్లా విస్తా భవనం దానికి ఇల్లయింది. సర్వసైన్యాధిపతిగా 1957లో విరమించిన జనరల్ శ్రీనగేష్ ప్రిన్సిపాలుగా వచ్చారు. (1962లో ఆయనే మన గవర్నరు కూడా అయ్యారు.) అదే 1957లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎం.బి.ఏ. తరగతులు ప్రారంభించింది. కలకత్తా, అహమ్మదాబాదు మేనేజ్‌మెంటు సంస్థలు పుట్టినది ఆ తరువాత, 1961లో. ఈ వరుస మనవారిలో చాలమందికి తెలియదని వ్రాస్తున్నాను, గొప్పకు కాదు. కొంచెం గొప్పకు కూడా.

అహమ్మదాబాదు సంగతి కొంత విపులంగా చెప్పాలి. విక్రమ్ సారాభాయి, కస్తూరిభాయి లాల్‌భాయి మొదలగు వారి పూనికతో, హార్వర్డు సహకారంతో ఆ సంస్థ పుట్టింది. మొదట షాహిబాగులో ఒక బంగళాలో ఉండేది. రెండేండ్ల చదువు 1964లో ప్రారంభమయింది. మరుసటి యేట రవి మత్తాయి డైరెక్టరయ్యారు. ఆవరణ కట్టడానికి అమెరికా శిల్పి లూయీ కాన్‌ను పిలిపించినది బాలకృష్ణ దోషి. కాన్ ఆలోచనలో తరగతి గది ఎంత ముఖ్యమో, గదికీ గదికీ నడుమ నడిచే చోటు అంత ముఖ్యం. పాఠం అయిపోయిన తరువాత వాదన ఆగకుండా సాగే చోటు అది. హాస్టలులో పదేసి గదులను ఒక మెట్ల వరుస చుట్టూ, ఒక టీ గది చుట్టూ కూర్చాడు. తన గదికి పోవాలంటే ఆ నడిమి చోటు దాటిపోవలసిందే. ఎంత ముభావి అయినా టీ త్రాగేవాళ్ళ కంటబడక తప్పదు. మన మండువా లోగిలి ఎరిగినవారికి ఇందులో విడ్డూరం ఏమీ తోచదు. 1974 మార్చిలో అహమ్మదాబాదు నుండి తిరిగిపోతూ కాన్ న్యూయార్కు రైల్వే స్టేషనులో మరణించాడు.

ఆ దోషియే తరువాత మన బెంగుళూరు సంస్థకు శిల్పి అయ్యారు. ఇది 1973లో ఊరి నడుమ అద్దె భవనంలో మొదలయి, తరువాత బన్నేరుఘట్ట రోడ్డుకు వెళ్ళింది. బూడిదరంగు నల్లరాతి గోడలు, మీద తీగలు ప్రాకే పొడవాటి వసారాలు. మన సంఘం పిల్లల విహారయాత్రలో ఒకసారి బయట నుండి చూచినవారున్నారు. ఆ వసారాలలో నడిచేవాడు తిన్నగా గమ్యం చేరడు, ఎవరో ఒకరు తగులుతారు. అట్లా తగలాలనే కట్టారు.

ఇంత రాయి, ఇంత ఇటుక ఎందుకన్న ప్రశ్నకు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని తామస్ ఆలెన్ అనే ఆచార్యుడు కొలబద్దతో జవాబు చెప్పాడు. పరిశోధనాలయాలలో ఇంజనీర్లు ఎవరితో ఎంత తరచుగా పనిమాట మాటాడుకుంటారో లెక్కించి 1977లో ఒక గ్రంథం ప్రకటించాడు. బల్లల మధ్య దూరం పెరిగిన కొద్దీ మాట గబగబ తగ్గిపోతుంది. యాభై మీటర్లు దాటితే, ఒకే కట్టడంలో ఉన్నా లేనట్లే. ఆలోచించండి, యాభై మీటర్లంటే మన ఇంటి నుండి వీధి చివరి కిరాణా కొట్టంత.

ఇక రెండవ ప్రక్క. హాస్టలు భాగ్యం లేనివారి మాట. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో ఉత్తరాల ద్వారా చదువు మొదలుపెట్టింది. 1969లో మైసూరు, 1971లో మదురై, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయాలు ఆ దారి పట్టాయి. మన వలస కుటుంబాలలో నా ఈడువారిలో డిగ్రీ ఉన్నవారిని అడిగి చూడండి, ఎందరిదో ఈ తపాలా డిగ్రీయే. నాది కూడా. పగలు బ్యాంకు కౌంటరు, రాత్రి బి.కాం. పాఠాలు. ఒక విశ్వవిద్యాలయం వారు (పేరు అనవసరం) ఆడిటింగు పాఠాల కట్టను పరీక్ష అయిన పదకొండవ నాడు నాకు చేరవేశారు. దానిని ఇప్పటికీ దాచుకున్నాను. అయినా ఆ చదువు లేకపోతే నాకు ఆఫీసరు ఉద్యోగం లేదు, కనుక తిట్టలేను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఏటా పదిరోజులు సంపర్క తరగతులని ఒక హైస్కూలులో పెట్టేవారు. ఎండాకాలం, రేకుల కప్పు. ఆ పదిరోజులలో విన్న పాఠం ఒక్కటీ జ్ఞాపకం లేదు. ప్రక్క బెంచీ మీద కూర్చున్న సహకార బ్యాంకు గుమాస్తా, దొంగ తాకట్టు కాగితాన్ని ఎట్లా పసిగట్టాలో మధ్యాహ్నం పెరుగన్నం తింటూ చెప్పినది మాత్రం నా ఉద్యోగకాలమంతా పనికివచ్చింది.

దూరవిద్యకు గౌరవం తెచ్చిన వారిలో మన తెలుగువారొకరు ఉన్నారు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నెలకొన్నది. సార్వత్రిక విశ్వవిద్యాలయమనేది మన దేశానికి అదే మొదటిది. ఆచార్య జి. రామరెడ్డి దానికి తొలి ఉపాధ్యక్షులు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికీ ఆయనే. బడి మెట్లు ఎక్కనివారు కూడా ఒక అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీ చదువులో చేరవచ్చునన్నారు. కాని ఆయన పాఠాలు తపాలా పెట్టెలో వేసి ఊరుకోలేదు. ఊరూరా అధ్యయన కేంద్రాలు పెట్టి, వారాంతంలో విద్యార్థి వచ్చి ఒక మనిషిని అడిగే ఏర్పాటు చేశారు. ఆ విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ అంబేద్కరు పేరు పెట్టారు. ఇంకొక విశేషం, మూడు నెలల సహవాసమే చదువని నమ్మిన ఆ హెన్లీ కళాశాల కూడా 1980లలో దూరవిద్య ఎం.బి.ఏ. మొదలుపెట్టింది.

అందుచేత 2020 నాటికి ఎవరికీ ఇది పూర్తిగా క్రొత్త కాదు. హార్వర్డువారు 2015లోనే బోస్టనులో ఒక టెలివిజను స్టూడియోలో గోడ నిండా తెరలు పెట్టి, అరవై మంది ముఖాలు ఒక్కసారి ఆచార్యునికి కనబడే గది నడిపారు. బెంగుళూరు సంస్థ 2014 నుండి అంతర్జాలంలో ఉచిత పాఠాలు ఇస్తున్నది. క్రొత్తదేమిటంటే, అందరూ ఒక్క వారంలో దూరం వెళ్ళవలసి రావడం. అహమ్మదాబాదులో ఒక విచిత్రం కూడా జరిగింది. కాన్ కట్టిన పద్దెనిమిది హాస్టళ్ళలో పద్నాలుగింటిని పడగొట్టి క్రొత్తవి కడతామని సంస్థవారు 2020 డిసెంబరులో ప్రకటించారు. గోడలు చెడ్డాయి, నీరు కారుతున్నదన్నారు. ప్రపంచమంతటి నుండి అభ్యంతరాలు వచ్చిపడి, 2021 జనవరి 1న ఆ ప్రకటన ఉపసంహరించుకున్నారు. 2022 నవంబరులో మళ్ళీ క్రొత్త కట్టడాలవైపే మొగ్గారు. పాఠాలు తెర మీద సాగుతున్న చలికాలంలో, జనం పోట్లాడినది తరగతి గదుల కోసం కాదు. టీ గదుల కోసం.

లాక్‌డౌను పోయింది గాని కొన్నాళ్ళు ఇంట, కొన్నాళ్ళు ఆఫీసులో అన్న హైబ్రిడ్ పద్ధతి నిలిచిపోయింది. మన పిల్లలలో సగం మంది దానిమీదనే బ్రతుకుతున్నారు. దీనిని గూర్చి స్టాన్‌ఫర్డు ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ చేసిన పరిశీలనలు రెండు చెప్పుకోదగినవి. మొదటిది 2010 ప్రాంతంలో ఒక చైనా ప్రయాణాల కంపెనీలో. ఇంటినుండి పనిచేసిన టెలిఫోను ఉద్యోగుల పని నూటికి పదమూడు పాళ్ళు పెరిగింది. కాని తొమ్మిది నెలలు గడిచేసరికి వారిలో సగం మంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకు తిరిగివస్తామన్నారు. అంతే పనితనానికి, ఎదుట కనబడేవారికంటె వీరికి పదోన్నతి తక్కువగా వచ్చింది. రెండవది అదే కంపెనీలో, 2024లో నేచర్ పత్రికలో అచ్చయింది. 1,612 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి వారంలో రెండు రోజులు ఇంటినుండి పని ఇచ్చారు. పనితనంలో తేడా రాలేదు, పదోన్నతిలో తేడా రాలేదు. ఉద్యోగం మానేసేవారు మాత్రం మూడింట ఒక వంతు తగ్గారు. ఆడవారిలోను, దూరం నుండి వచ్చేవారిలోను ఆ మేలు ఎక్కువగా కనిపించింది.

ఇవి చదివి, అయితే హైబ్రిడ్‌లో నష్టమే లేదన్నమాట అని తేల్చేవారున్నారు. నేను అంత దూరం పోను. ఆ ఉద్యోగులకు పని అప్పటికే వచ్చు. వచ్చిన పని ఇంట చేసినా ఒకటే, ఆఫీసులో చేసినా ఒకటే. మా తాతగారు కూడా ఏడవ యేటి తరువాత చిట్టా ఇంటికి తెచ్చుకొని వ్రాసేవారు. మొదటి యేట వ్రాసి ఉంటే చిట్టా వచ్చేది, వ్యాపారం వచ్చేది కాదు. వ్యాపార విద్యాలయంలో ఉన్నవారందరూ ఆ మొదటి యేటివారే. ఆచార్యులలో క్రొత్తగా చేరినవారు కూడా అంతే. పెద్ద ఆచార్యుడు వారానికొక రోజు తరగతి చెప్పి తక్కిన రోజులు ఇంట కూర్చుండి పరిశోధన చేసుకుంటే ఆయన పరిశోధన చెడదు. ప్రక్క గదిలోని చిన్న ఆచార్యునికి, కేసు ఎట్లా వ్రాయాలో, తరగతి తిరగబడితే ఎట్లా నిలదొక్కుకోవాలో చూపేవాడు ఉండడు. ఆ నష్టం ఆయన లెక్కలో పడదు, చిన్నవాని లెక్కలోనే పడుతుంది. ఆవరణకు రమ్మని కుర్రవాళ్ళకు నోటీసులు అంటించే పెద్దలు ముందు తమ గదుల తాళాలు తీస్తే బాగుంటుంది.

ఇంకొక భేదం మన కుటుంబాలకు ముఖ్యం. షావుకారు ఇంట పుట్టిన పిల్ల తెర మీద ఎం.బి.ఏ. చదివినా, రాత్రి భోజనాల దగ్గర తండ్రి, మేనమామ మాటాడుకునేది వింటుంది. పీట ఇంట్లోనే ఉన్నది. మరమగ్గం మీద, తాపీ పని మీద, పారిశుద్ధ్యపు పని మీద ఊరు దాటి వచ్చిన మన వారి పిల్లలకు ఆ పీట ఎక్కడ? వారికి ఆవరణలోనే వేయాలి. ఆవరణ ఖర్చు మోయలేనివారు కూడా వారే. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2022 సెప్టెంబరులో, గుర్తింపు పొందిన దూరవిద్య, ఆన్‌లైను డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని ప్రకటించింది. కాగితం మీద సమానమయింది, మంచిదే. ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవచ్చు. కాగితానికి ఎక్కని దానిని గూర్చియే నా తగవు.

షోలాపూరు నుండి వచ్చిన మన సంఘ సభ్యులు ఒకరు ఉన్నారు. మరమగ్గాల మీద తువ్వాళ్ళు నేసిన కుటుంబం. అన్నగారు ఇప్పటికీ అక్కడ నాలుగు మగ్గాలు నడుపుతున్నారు. ఆ అన్నగారి అమ్మాయి పూణేలో ఉద్యోగం చేస్తూ, ఎం.బి.ఏ. ఎక్కడ చదవాలో తేల్చుకోలేక క్రిందటి యేడు నాకు ఫోను చేసింది. హాస్టలు చదువుకు పోతే ఇరవై లక్షల పైమాట అప్పు, జీతమూ ఉండదు, ఆ జీతంలోనే తమ్ముడి చదువు. నేను హార్వర్డు, హెన్లీ అంతా చెప్పుకొచ్చాను. పాపం, ఓపికగా విన్నది. చివరికి తానే వెతికి, వారాంతాలలో తెర మీద తరగతులు, మూడు నెలలకొక వారం ఆవరణలో నివాసం ఉన్న చదువు ఒకటి పట్టుకొన్నది. ఆ నివాసపు వారాలకు హాజరు నిర్బంధమా అని అడుగు, నిర్బంధమైతేనే చేరు అని మాత్రం నేను చెప్పాను.

మొదటి నివాసపు వారం అయిన తరువాత మళ్ళీ ఫోను చేసింది.

"తరగతిలో చెప్పినది సగం రికార్డింగులో విన్నదే తాతయ్యా. మూడవనాటి రాత్రి మెస్సులో మాత్రం ఒక సంగతి తెలిసింది. ప్రక్కన కూర్చున్న అబ్బాయి వాళ్ళది నూలు వ్యాపారం. ఎదురుగా సాంబారు చల్లారిపోతున్నా వదలక అడిగాను. నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి అని నాకు తెలుసు గాని, ఎగవేసేవాళ్ళ నష్టం కూడా సరిగ్గా కట్టేవాళ్ళ అరువు ధరలోనే కలుపుతారట. మా నాన్న ఇరవై యేండ్లలో ఒక్క వాయిదా తప్పలేదు. ఇరవై యేండ్లూ ఇతరుల బాకీ కట్టాడన్నమాట. ఆ అబ్బాయి ఏమీ దాచుకోకుండా చెప్పాడు, పైగా అడగండి, తగ్గిస్తారు, అడిగేవాళ్ళకు తగ్గిస్తాము అన్నాడు. ఇది నాన్నకు చెప్పనా, వద్దా? బాధపడతాడేమో."

చెప్పమన్నాను. రెండు రోజులు ఆగి, ఏమయిందని నేనే ఫోను చేశాను.

"చెప్పాను తాతయ్యా. అంతా విన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఈసారి సెలవులకు వచ్చేటప్పుడు ఆ అబ్బాయిని మన ఇంటికి భోజనానికి తీసుకురా అన్నాడు."